చెట్టు చివరికి నీళ్లు: జగదీశ్ చంద్ర బోస్

నవంబరు 30న ఉదయం ప్రార్థన సమయంలో ఎవరో ఒక విద్యార్థి జగదీశ్ చంద్ర బోస్ గురించి రెండు నిమిషాలు మాట్లాడటం మేము పనిచేసిన బళ్లన్నిటిలోనూ విన్నాం. ఊరు మారుతుంది, భాష మారుతుంది, ఆ ప్రసంగంలో ఒక్క వాక్యం మాత్రం మారదు. మొక్కలకు ప్రాణం ఉందని కనిపెట్టిన శాస్త్రవేత్త బోస్ అన్నదే ఆ వాక్యం. గౌరవంతోనే చెబుతారు గాని, అది నిజం కాదు. విత్తనం నాటి మొలక కోసం ఎదురుచూసిన ప్రతి రైతుకూ మొక్కకు ప్రాణం ఉందని తెలుసు. వాడిన తులసికి నీళ్లు పోసే అమ్మమ్మకూ తెలుసు. ఆ మాట చెప్పడానికి బోస్ అక్కర్లేదు.

ఆయన అడిగిన ప్రశ్నలు వేరు. మొక్క ఒంట్లో ఒకచోట తగిలిన దెబ్బ ఇంకోచోటికి ఎలా తెలుస్తుంది? వేరు దగ్గరి నీరు చిటారు కొమ్మ దాకా ఎలా ఎక్కుతుంది? మొదటిదానికి ఆయన ఇచ్చిన జవాబు నిలిచింది. రెండోదానికి ఇచ్చింది నిలవలేదు. ఈ రెండో సంగతి ఎవరూ ప్రార్థనలో చెప్పరు. మేము తెలుగు చెప్పేవాళ్లం, జీవశాస్త్రం మా పీరియడ్ కాదు. అయినా ఈ పత్రికలో మాకిచ్చిన పేజీల్లో రెండు సంగతులూ చెప్పాలనిపించింది.

జగదీశ్ 1858 నవంబరు 30న పుట్టారు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమన్‌సింగ్ ఆయన పుట్టిన ఊరు. మీలాగే ఆయనదీ బదిలీల ఇల్లే. తండ్రి భగవాన్ చంద్ర బోస్ మొదట ప్రధానోపాధ్యాయుడు, తర్వాత ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మెజిస్ట్రేట్, ఆపైన బర్దమాన్‌లో అసిస్టెంట్ కమిషనర్. ఫరీద్‌పూర్‌లో ఉండగా పిల్లవాణ్ణి బడిలో వేయాల్సి వచ్చింది. ఆ హోదా ఉన్న అధికారులు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకును బెంగాలీ బడిలో చేర్చారు. ముందు తన భాష, తన మనుషులు తెలియాలని ఆయన పట్టుదల. తరగతిలో జగదీశ్‌కు కుడి పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం జవాను కొడుకు, ఎడమ పక్కన ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, జంతువుల గురించి, నీళ్లలో బతికే జీవుల గురించి వాళ్లు చెప్పే కబుర్లు నోరు తెరుచుకుని వినేవాడు. ప్రకృతి మీద తన ఆసక్తికి ఆ కబుర్లే మొదలని పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ పిల్లలు ఇంటికి వస్తే తల్లి బామాసుందరి భేదం చూపకుండా అందరికీ తినడానికి పెట్టేది.

ఆ ఇంట్లో ఇంకో విచిత్రం ఉంది. భగవాన్ చంద్ర ఒక బందిపోటుకు శిక్ష వేశారు. అతను జైలు నుంచి వచ్చి, ఇక బతుకుతెరువు లేదంటూ శిక్ష వేసిన ఆయన ముందే నిలబడ్డాడు. ఆయన అతనికి ఇంట్లోనే పని ఇచ్చారు. ఏ పని? చిన్న జగదీశ్‌ను రోజూ వీపున ఎక్కించుకుని బడికి తీసుకెళ్లడం. దారి పొడుగునా పాత దోపిడీల కథలే. ఒకసారి కుటుంబమంతా పడవలో వెళుతుండగా దొంగల పడవలు వెంటపడ్డాయి. ఇతను పడవ పైకెక్కి ఒక వింత కేక వేశాడు, అంతే, ఆ పడవలు మాయమయ్యాయి.

1869లో జగదీశ్‌ను కలకత్తా పంపారు. కొద్ది నెలలు హేర్ స్కూల్లో, తర్వాత సెయింట్ జేవియర్స్‌లో చదివాడు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మధ్య ఇంగ్లీషు సరిగా రాని పల్లె కుర్రవాడు. ఏడాది మధ్యలో కొత్త బడిలో చేరి, చివరి బెంచీలో కూర్చున్నవాళ్లకు ఆ మొదటి వారం ఎలా ఉంటుందో మేము వర్ణించనక్కర్లేదు. తరగతిలో ముష్టియుద్ధం తెలిసిన పిల్లవాడొకడు కవ్వించాడు. జగదీశ్‌కు ఆ విద్య రాదు. దెబ్బలు తిన్నాడు గాని చివరికి గెలిచాడు. తర్వాత ఎవరూ జోలికి రాలేదు. స్నేహితులు దొరకని రోజుల్లో చేతిఖర్చు డబ్బులతో పెంపుడు జంతువులు కొనుక్కుని, చిన్న తోట వేసుకుని కాలం గడిపాడు.

కాలేజీలో ఫాదర్ లఫాంట్ అనే గురువు భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలతో చెప్పేవారు. జగదీశ్ మనసు అటు తిరిగింది. అయితే ఇంట్లో పరిస్థితి బాగాలేదు. తండ్రి ప్రజల కోసమని మొదలుపెట్టిన పరిశ్రమలు, తేయాకు తోటలు నష్టపోయి అప్పులు మిగిలాయి. ఇంగ్లండు వెళ్లి సివిల్ సర్వీసు రాసి అధికారిగా తిరిగొస్తానని కొడుకు అన్నాడు. అధికారం చెలాయించే ఉద్యోగం వద్దు, చదువుకునే ఉద్యోగం చూసుకో అన్నది తండ్రి అభిప్రాయం. చివరికి 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లాడు. అస్సాంలో పట్టుకున్న జ్వరం అక్కడా వదల్లేదు. శవాలను కోసే గదిలోని వాసన దాన్ని ఇంకా పెంచింది. వైద్యం వదిలి కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలలో చేరాడు. అక్కడ లార్డ్ రేలీ భౌతికశాస్త్రం చెప్పారు. సిడ్నీ వైన్స్, చార్లెస్ డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ వృక్షశాస్త్రం చెప్పారు. ఈ వైన్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అదే పని చేసే తెల్లవారి జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. ఆయన ఉద్యోగం తాత్కాలికం కాబట్టి అందులోనూ సగమే. బోస్ ఉద్యోగం మానలేదు, పాఠం ఒక్కటీ తప్పించలేదు, జీతం మాత్రం తీసుకోలేదు. మూడేళ్లు అలా గడిచాయి. చివరికి పూర్తి జీతాన్ని మొదటి రోజు నుంచి లెక్కగట్టి ఒకేసారి ఇచ్చారు. ఆ సొమ్ము తండ్రి అప్పులకు పోయింది. నెల మొదటి తారీఖున జీతం పడే ఇళ్లలో పెరిగిన మీకు, మూడేళ్లు ఆ తారీఖు రాకపోవడం అంటే ఏమిటో అమ్మానాన్నలను అడిగితే తెలుస్తుంది.

ఆ మూడేళ్లలోనే, 1887లో, అబలా దాస్‌తో పెళ్లయింది. ఆమె వైద్యం చదవాలనుకున్నారు. కలకత్తాలో ఆడపిల్లలను చేర్చుకోకపోతే మద్రాసు వచ్చి మెడికల్ కాలేజీలో చదివారు. ఆరోగ్యం బాగాలేక చదువు ఆగిపోయింది. తర్వాత 1919లో నారీ శిక్షా సమితి స్థాపించి బెంగాల్ పల్లెల్లో ఆడపిల్లల చదువుకు చాలా పనిచేశారు. ఆమె గురించి విడిగా ఒక వ్యాసం రావాలి.

బోస్ రేడియో తరంగాల పని మీకు తెలిసిందే, త్వరగా దాటేద్దాం. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో తీగ లేకుండా, గోడల మీదుగా తరంగాలు పంపి దూరాన గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. మన కథకు కావలసింది ఆ తర్వాతిది. తరంగాలను పసిగట్టే లోహపు పరికరం ఎక్కువసేపు పనిచేయిస్తే మొద్దుబారేది. కాసేపు వదిలేస్తే తేరుకునేది. అలసిన కండరం కూడా ఇలాగే కదా చేస్తుంది అని ఆయనకు తట్టింది. లోహం అలసిపోతే, కండరం అలసిపోతే, మధ్యలో ఉన్న మొక్క సంగతి ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నతో భౌతికశాస్త్రం మాష్టారు మొక్కల వైపు నడిచి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు నలభై దాటింది.

1901లో లండన్‌లో రాయల్ సొసైటీ ముందు ఆయన తన ప్రయోగాలు చూపించారు. మామూలు మొక్కల్లో కూడా, గిల్లితే, వేడి తగిలితే, విద్యుత్ ప్రతిస్పందన పుడుతుందన్నది ఆయన వాదం. శరీరశాస్త్రంలో అప్పటి పెద్దమనిషి సర్ జాన్ బర్డన్ శాండర్సన్ లేచి వ్యతిరేకించారు. ఆయన మాటకు బరువు ఉంది. కీటకాలను పట్టే వీనస్ ఫ్లైట్రాప్ మొక్కలో విద్యుత్ సంకేతాన్ని 1873లోనే కనిపెట్టినవాడు ఆయన. మామూలు మొక్కల్లో అలాంటిది ఉండదని ఆయన నమ్మకం. భౌతికశాస్త్రం వదిలి మా పొలంలోకి ఎందుకొచ్చావన్న ధోరణి కూడా అందులో ఉంది. ప్రతిస్పందన అన్న మాట మార్చమని సలహా ఇచ్చారు. బోస్ మార్చలేదు. వ్యాసం అచ్చు కాకుండా బీరువాలోకి వెళ్లింది. ఏడాది తిరిగేలోగా లిన్నియన్ సొసైటీ ఆయనను పిలిచి విని, వ్యాసం అచ్చువేసింది. ఆ సొసైటీ అధ్యక్షుడు సిడ్నీ వైన్స్. ఆ కష్టకాలంలో రవీంద్రనాథ్ టాగూర్ త్రిపుర మహారాజును కలిసి స్నేహితుడి కోసం డబ్బు సమకూర్చారు, సోదరి నివేదిత పుస్తకాల రాతలో సాయం చేశారు.

ఇప్పుడు ఆ వివాదం లోపల ఉన్న విషయం చూద్దాం. దానికి మాగాయ కావాలి.

అమ్మమ్మ ఇంట్లో మాగాయ పెట్టడం చూశారా? మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఉంచుతారు. చుక్క నీరు పోయరు. మర్నాటికి జాడీలో ఊట ఉంటుంది. ఆ నీరు ఎక్కడిది? ముక్కల్లోని కణాలది. ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది, కణత్వచం అంటారు. నీరు దాని గుండా తేలిగ్గా పోతుంది, ఉప్పు అంత తేలిగ్గా పోలేదు. బయట ఉప్పు గాఢంగా ఉంటే లోపలి నీరు ఆ వైపుకు వెళ్లిపోతుంది. శనగలు నానబెట్టినప్పుడు దీనికి తిరగబడినది జరుగుతుంది, నీరు లోపలికి వెళ్లి గింజ ఉబ్బుతుంది. మీ పుస్తకంలో ఆస్మాసిస్ అని ఉన్నది ఇదే. తెలుగులో ద్రవాభిసరణ. అభిసరణ అంటే ఒకవైపుకు సాగిపోవడం.

అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకోవడానికి కారణం కూడా ఊటే, కాకపోతే క్షణంలో జరిగే ఊట. ఆకు కాడ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. దాని కింది వైపు కణాలు నీటితో బిర్రుగా నిండి కాడను ఎత్తిపట్టి ఉంచుతాయి. ఆకు చివర ముట్టుకుంటే ఒక విద్యుత్ సంకేతం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో కాడ వెంట వస్తుంది. అది చేరగానే ఆ కణాల పొరలో దారులు తెరుచుకుంటాయి. పొటాషియం, క్లోరైడు అయాన్లు బయటికి పోతాయి. వాటి వెనకే నీరు. బిర్రు తగ్గిన కణాలు మెత్తబడి కాడ వాలిపోతుంది. తర్వాత కణాలు శక్తి ఖర్చుపెట్టి అయాన్లను మళ్లీ లోపలికి తోడుకుంటాయి, నీరు తిరిగి వస్తుంది, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఆకు లేస్తుంది.

అయాన్ల రాకపోకల వివరం బోస్ కాలంలో ఎవరికీ తెలియదు, అది తర్వాత తేలింది. కానీ ఆ సంకేతం విద్యుత్ సంకేతమని, జంతువుల నాడుల్లో నడిచేలాంటిదని, అది అత్తిపత్తికే పరిమితం కాదని ఆయన కొలిచి చూపించారు. ఆ కొలతలకు పరికరాలు బజారులో దొరికేవి కావు. కలకత్తా పనివాళ్లతో తన ఎదుట చేయించుకున్నారు. మసి పట్టించిన గాజుపలక మీద మొక్క తన కదలికను తానే గీసుకునే యంత్రాలవి. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్ వాటిలో పేరు పొందింది. తెలుగు మాష్టార్లుగా మాకు నచ్చిన ముచ్చట ఒకటుంది. తన యంత్రాలకు కుంచనమానం, శోషణమానం వంటి సంస్కృతం పేర్లు పెట్టాలని ఆయన చూశారు. కుంచనం ముడుచుకోవడం, శోషణం పీల్చుకోవడం. పాశ్చాత్యుల నోట ఆ పేర్లు ఎంత వంకర తిరిగాయంటే, చివరికి ఆయన లాటిన్, గ్రీకు పేర్లకు దిగివచ్చారు.

చిన్నప్పటి ఊరు ఫరీద్‌పూర్ ఆయనకు ఇంకో ప్రశ్న పంపింది. ఆ ఊరి దగ్గర ఒక ఈత చెట్టు సాయంత్రం గుడిగంటలు మోగే వేళకు తల నేలకు వాల్చేది, తెల్లవారేసరికి లేచేది. చెట్టు దేవుడికి మొక్కుతోందని జనం గుంపులుగా వచ్చి దండాలు పెట్టుకునేవారు. బోస్ ఎవరినీ ఎగతాళి చేయలేదు. చెట్టుకు తన యంత్రం కట్టి రాత్రింబవళ్లు గీతలు గీయించారు, పక్కనే ఉష్ణోగ్రతా రాయించారు. రెండు గీతలూ కలిసి నడిచాయి. వేడి పెరిగే కొద్దీ చెట్టు వంగుతోంది, చల్లబడే కొద్దీ లేస్తోంది. ఒరిగి పెరిగిన చెట్టు కాబట్టి ఆ కదలిక కంటికి కనబడింది. ఇతర చెట్లను కొలిస్తే వాటిలోనూ అదే కదలిక చిన్నగా ఉంది.

1915లో ఉద్యోగ విరమణ, 1917 నవంబరు 30న, తన 59వ పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభం. అదే ఏడు సర్ బిరుదు. 1920లో, ఒకప్పుడు వ్యాసాన్ని బీరువాలో పెట్టిన రాయల్ సొసైటీయే ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. ఇక్కడ ఆపేస్తే కథ బాగుంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు.

అరవై దాటాక బోస్ అన్నిటికంటే పాత ప్రశ్న ఒకటి ఎత్తుకున్నారు. నీరు చెట్టెక్కేది ఎలా?

మీ బడి ఆవరణలో నీలగిరి చెట్టు ఉంటే దాని పైకి చూడండి. పది మీటర్లు ఎప్పుడో దాటి ఉంటుంది. బావి గట్టున గొట్టం పెట్టి ఎంత బలంగా పీల్చినా నీరు సుమారు పది మీటర్ల కంటే ఎక్కదు. గాలి పీడనం అంతవరకే తోయగలదు. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్ల దాకా పెరుగుతాయి. మోటారు లేదు, గుండె లేదు. మరి వేరు నుంచి ఆ చివరి ఆకుకు నీరు చేర్చేది ఎవరు?

నీరు నడిచే దారి ఏదో తెలుసు. మీ పుస్తకంలో జైలమ్ అని ఉంటుంది, తెలుగులో దారువు. దారువు అంటే కర్ర. దేవదారులో ఉన్నది అదే మాట. ఇందులోని నాళాలు చచ్చిపోయిన కణాలు. పెరిగి, గోడలు గట్టిపరుచుకుని, లోపలి సరుకంతా పోగొట్టుకుని, వరసగా కలిసి సన్నని గొట్టాలుగా మిగులుతాయి. చచ్చిన గొట్టం దానంతట అది నీరు తోడలేదు. జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ అనే శాస్త్రవేత్త 1890ల మొదట్లో పెద్ద పెద్ద చెట్లను మొదట్లో కోసి విషద్రావణంలో నిలబెట్టాడు. విషం దారిలోని బతికున్న కణాలను చంపుకుంటూ పైకెక్కింది. అవి చచ్చాక కూడా ద్రవం ఎక్కుతూనే ఉంది. అంటే ఎత్తే పని కాండంలోని బతికున్న కణాలది కాదన్నమాట. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు జవాబు చెప్పారు. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి. పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా అలా పోయేదే. పోయిన ప్రతి అణువు తన వెనకున్న అణువును లాగుతుంది. నీటి అణువులకు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే గుణం ఉంది, సంసంజనం అంటారు. సన్నని గొట్టంలో వేరు దాకా తెగని తాడులా నీటి కంబం ఉంటుంది. పైన ఎండ లాగుతుంది, కింద నేల నుంచి నీరు వస్తుంది. ఆకుల నుంచి ఆవిరి పోవడాన్ని బాష్పోత్సేకం అంటారు. ఆనందబాష్పాలలోని బాష్పమే అది. నోరు తిరగకపోయినా ఆ మాట బాగుంది.

బోస్‌కు ఈ జవాబు రుచించలేదు. చెట్టు అంతటి జీవి, తన ఒంట్లోని నీటి విషయంలో చచ్చిన గొట్టాలకూ ఎండకూ ఒదిలేస్తుందా? ఆయన సన్నని సూదికి విద్యుత్ కొలిచే పరికరం తగిలించి, కాండంలోకి కొద్దికొద్దిగా దించుతూ చూశారు. బతికున్న కణాల పొర ఒకదాని దగ్గర విద్యుత్ లయగా ఎగిసి పడటం కనిపించింది. మందులు వాడితే, చల్లబరిస్తే, నీరు ఎక్కే వేగం మారడం కనిపించింది. అంతా కలిపి, ఆ పొరలోని కణాలు ఒకదాని తర్వాత ఒకటి వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ గుండెలా నీటిని పైకి తోడుతున్నాయని తేల్చారు. 1923లో ది ఫిజియాలజీ ఆఫ్ ది అసెంట్ ఆఫ్ సాప్ అని పెద్ద పుస్తకమే రాశారు.

అది నిలవలేదు. విద్యుత్ ఎగిసిపడటం నిజమే కావచ్చు, కానీ అంత చిన్న అలజడి నుంచి అంత నీటిని అంత ఎత్తుకు ఎత్తే బలం వస్తుందని ఎవరూ చూపలేకపోయారు. చెట్టు చుట్టూ బెరడును వలయంగా ఒలిచేస్తే, అందులోని బతికున్న పొరలు తెగిపోయినా, ఆకులు వెంటనే వాడవు. నీరు కర్రలోంచే పోతోంది. స్ట్రాస్‌బర్గర్ విషం సంగతి సరేసరి. బోస్ పోయిన చాలా ఏళ్లకు, 1965లో, స్కోలాండర్ బృందం కోసిన రెమ్మను గట్టి పాత్రలో బిగించి, బయట నుంచి గాలి పీడనం పెంచుతూ, కోసిన చోట నీరు మళ్లీ కనబడటానికి ఎంత పీడనం కావాలో కొలిచింది. చెట్టులోని నీరు కింద నుంచి తోయబడటం లేదని, గట్టిగా లాగబడుతూ బిగుసుకుని ఉందని ఆ కొలతలు చూపాయి. డిక్సన్, జోలీల మాట తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఒకే మనిషి ఒకచోట అంత సరిగ్గా, ఇంకోచోట అలా ఎందుకు? మాకు తోచింది చెబుతాం. రెండుచోట్లా ఆయన ఒకే నమ్మకంతో వెళ్లారు, మొక్కలో జరిగేది జంతువులో జరిగేదానికి వేరు కాదని. అత్తిపత్తి దగ్గర ఆ నమ్మకం, ఎవరూ వెతకని చోట నాడిలాంటి సంకేతాన్ని వెతికించింది. దారువు దగ్గర అదే నమ్మకం, గుండె లేని చోట గుండెను వెతికించింది. మొదటిచోట ఎదిరించినవారు తప్పు కాబట్టి రెండోచోట ఎదిరించినవారూ తప్పే అయి ఉండాలన్న మొండితనమూ కొంత కలిసిందని మా అనుమానం. ఇరవై ఏళ్లు చిన్నచూపు చూసినవాళ్ల మాట వినడం ఎవరికైనా కష్టమే.

పూర్తిగా కొట్టిపారేయడమూ న్యాయం కాదు. తెల్లవారుజామున గడ్డి అంచున, టమాటా ఆకుల కొసల్లో వరసగా నీటిబొట్లు చూస్తారే, అన్నీ మంచు కాదు. రాత్రి ఆవిరి పోవడం తగ్గినప్పుడు కూడా వేరులోని బతికున్న కణాలు శక్తి ఖర్చుపెట్టి లవణాల అయాన్లను దారువులోకి చేరవేస్తాయి, వాటి వెనక నీరు చేరి పైకి నెడుతుంది. ఆ నెట్టుడును వేరుపీడనం అంటారు, ఆ బొట్లను బిందుస్రావం అంటారు. చిన్న మొక్కకు అది సరిపోతుంది, మహావృక్షానికి చాలదు. నేల నుంచి వచ్చే లవణాల్లో దేన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అని వేరులో కాపలా కాసేదీ బతికున్న కణాల పొరే. నీటి ప్రయాణంలో ప్రాణమున్న కణాల పాత్ర ఉంది. ఆయన అనుకున్న చోట, అనుకున్నంత లేదు.

పిల్లల ముందు గొప్పవారి తప్పులు చెప్పడం ఎందుకని కొందరు మాష్టార్లే అంటారు. మాకు వేరే భయం ఉంది. ప్రార్థనలో బోస్‌కు చేతులు జోడించి, పీరియడ్‌లో డిక్సన్ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి, ఆ ఇద్దరూ ఒకే ప్రశ్న మీద తలపడ్డారని తెలియకుండానే బడి చదువు అయిపోతుంది. బోస్‌ను ఇంకా బాగా కొలిచినవాళ్లు సరిదిద్దారు. కొలిచి చూపమని జీవితమంతా అడిగిన మనిషికి అందులో అవమానం ఏముంది?

1937 నవంబరు 23న, 79వ పుట్టినరోజుకు వారం ముందు, ఆయన గిరిడీలో కన్నుమూశారు. ఆ ఊరు ఇప్పుడు ఝార్ఖండ్‌లో ఉంది. అబలా బోస్ ఇంకా పద్నాలుగేళ్లు, 1951 వరకు, తన బళ్ల పని చూసుకుంటూ జీవించారు.

ఆయన యంత్రాలు కోల్‌కతాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నాయి. అటువైపు బదిలీ అయ్యేవాళ్లు వెళ్లి చూడొచ్చు. ఈలోగా ఒక తెల్ల నందివర్ధనం పూవును కాడతో సహా కోసి, ఎర్ర సిరా కలిపిన నీళ్లలో కిటికీ దగ్గర పెట్టండి. ఇంకొకటి అలాగే పెట్టి, దాని ఆకులన్నిటికీ రెండు వైపులా వాజలీను పూయండి. ఏ పూవుకు రంగు ముందు ఎక్కిందో, ఎన్ని గంటలు పట్టిందో రాసి మీ జీవశాస్త్రం టీచరుకు చూపండి.